తుప్పు – తప్పు

ఎర్రమంచి సముద్రమునకు మిక్కిలి దూరమున నున్న మెట్టసీమ. ఏటికి కురియు వానయు కొంచెమే. ఇట్టి పొడిగాలిలో నినుమునకు తుప్పు భయము లేదని మాయింట నందఱమును నమ్మియుంటిమి. ఆ నమ్మకమునకు మూల్యము మేము చెల్లింపలేదు. మాయింట నీళ్లు మోయు నామె చెల్లించినది.

మేడపైకి పోవుటకు వెలుపలిప్రక్క నినుపమెట్లు కలవు. మొన్న కార్తికమాసమున నొక యుదయమున నామె బిందెతో నెక్కుచుండగా నాలుగవమెట్టు విఱిగినది. ఆమె క్రిందబడి కాలు విఱుగగొట్టుకొన్నది. వైద్యశాలనుండి మరలి వచ్చిన పిమ్మట నింట విచారణ సాగినది. “శనివారమునాడు కొన్న యినుము మేలు చేయునా?” యని మా పెద్దమ్మగారనిరి. “అంత బరువు నొక్కసారి మోయుమని యెవరు చెప్పిరి?” అని మేమంటిమి. ఒకరు గ్రహముపైని, ఒకరు కూలిమనిషిపైని తప్పు మోపితిమేకాని, మెట్టును తిరుగవేసి చూచినవారు లేరు.

చూచినది మా తమ్ముని కూతురు. కళాశాలలో రసాయనశాస్త్రము చదువుచున్న పిల్ల. మెట్టు పైభాగమున మేము ప్రతి సంక్రాంతికిని వేయించు నాకుపచ్చరంగు చెక్కు చెదరక నిలిచియున్నది. క్రింద, రేకును చట్రమును కలియు సందున, ఇనుము పొరలుపొరలుగా విడిపోయి వ్రేలితో నదిమిన రాలుచున్నది.

“ఇది శని పని కాదు పెద్దనాయనా, నీటి పని” యని యామె మాకొక ప్రయోగము చూపినది. నున్నగా రుద్దిన యుక్కురేకుపై ఉప్పునీటిబొట్టు నొకదానిని వేసినది. అందులో పొటాసియం ఫెర్రిసైనైడు, ఫినాఫ్తలీను అను రెండు ద్రవ్యములను ముందుగనే కలిపియుంచినది. కొంతసేపటికి బొట్టు నడుమ నీలవర్ణమును, అంచున గులాబివర్ణమును తోచినవి. ఇనుము కరగి నీటిలోనికి వచ్చుచోట నీలము; గాలిలోని ప్రాణవాయువు నీటితో గూడి క్షారము పుట్టించుచోట గులాబి. ఈ రెండుచోట్లకు నడుమ నినుములో విద్యుత్తు ప్రవహించుచుండును. అనగా తుప్పు పట్టుచున్న ప్రతి రేకును తీగెలు లేని చిన్న బ్యాటరీయే! కేంబ్రిడ్జి పండితుడగు యు. ఆర్. ఇవాన్సు ఈ పరీక్షను గడచిన శతాబ్దమున ప్రసిద్ధము చేసెను. ప్రాణవాయువు చక్కగా తగులుచోటు నిలుచును. అది చాలనిచోటు కరగును. మా మెట్టు పైభాగము నిలిచి, చీకటిసందు తినిపోవుటకు కారణమిదియే.

మఱి పొడిగాలి మాట యేమి? గాలిలోని తేమ నూటికి సుమారు 60 పాళ్లకు లోబడియున్నంతవఱకు ఉక్కు చెడుట స్వల్పము. మాయూరి యెండవేళ నిట్లేయుండును. కాని చలికాలపు రాత్రి లోహము చల్లబడి మంచు పట్టును. కంటికి కానరాని నీటిపొర చాలును. పొర పలుచనైన గాలి సులభముగ లోనికి దిగును. కనుకనే తడిసి యారుచుండు నినుము, నీట మునిగిన యినుముకన్న తఱచుగా త్వరగ చెడును. దుమ్మునను, బోరునీటను ఉండు లవణములు తేమను పట్టియుంచును. మా మెట్లపై ప్రతిదినమును బిందెనీరు తొణుకుచునే యుండెను గదా!

ఈ నష్టమును కొలుచుటకు ఉక్కుపలకలను తూచి, ఏడాది యారుబయట నుంచి, తుప్పు తీసి మరల తూచుట పాతపద్ధతి. అది నేటికిని కలదు. విద్యుద్రసాయనపద్ధతి వేఱు. రెండు రేకులను తాకకుండ దగ్గఱగా నమర్చి, వానినడుమ వోల్టులో నూఱవవంతు ఒత్తిడి పెట్టి, ప్రవహించు విద్యుత్తును కొలుతురు. ఎదిరింపు తగ్గినకొలది తుప్పు వేగము హెచ్చు. ఈ లెక్కను స్టెర్ను, గియరీ యనువారు 1957లో తేల్చిరి. తూనిక ఏడాది మొత్తమును చెప్పును. ఇది ఏ రాత్రి యే గంటకు ఇనుము కరగెనో చెప్పును. మన దేశమున నిట్టి పరిశోధనలకై 1948లో శంకుస్థాపన జరిగిన విద్యుద్రసాయన పరిశోధనాలయము కారైకుడిలో నున్నది.

అంతదూరమేల? మా యూరనే 2019లో కియా కార్ల తయారీ మొదలైనది. కారుడొల్లను రంగుతొట్టిలో ముంచి, విద్యుత్తుచే సందులకు సైతము రంగు పట్టించుట ఆ పరిశ్రమలో నెల్లెడల వాడుక. సందులోనే చేటు పుట్టునని వారెఱుగుదురు. మేమో, కనబడుచోటికే రంగు వేయించితిమి.

ఆమెకు వైద్యవ్యయమును, పనికి రాలేని మాసముల జీతమును ఇచ్చితిమి. దానిని దయ యని యింటివారనగా విని, ఆమె మెల్లగా నొకమాట యన్నది: “మెట్టు కదుల్తాందని పోయిన సంకురాత్రికి ముందరే చెప్తి గదా సామీ.”

నిజమే. ఆమె చెప్పినది. మేము రంగు వేయించితిమి.

శనివారమును నిందించిన పెద్దమ్మగారికన్న, ఆమె బరువును నిందించిన మేము వివేకులమేమియు కాము. మూఢత్వమనిన గ్రహములను నమ్ముటయే కాదు; ప్రతిదినము మెట్లెక్కువారి మాటను వినకుండుటయు మూఢత్వమే. చదువరులారా, మీ యింటి మెట్లను నేడే యొకసారి క్రిందినుండి చూడుడు. అంతకు ముందు, వానిపై బరువు మోయువారి నడుగుడు.