వెనుక బెంచీ అమ్మాయి

మేము ఆలుమగలం ఇద్దరమూ బరంపురంలో ఒకే కళాశాలలో పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాళ్లం. మాలో ఒకరిది అర్థశాస్త్రం, మరొకరిది రాజనీతి. ఇంట్లో వాదన మాత్రం ఉమ్మడి.

2020 మార్చిలో కళాశాలలు మూతపడగానే మా పాఠాలు కంప్యూటరు తెర మీదికి ఎక్కాయి. పిల్లల ముఖాలు కనబడవు, గోడకు చెప్పినట్లుండేది. అందుచేత ఇద్దరమూ ఆలోచించి, రెండు సబ్జెక్టులకూ కలిపి గూగుల్ క్లాస్‌రూములో ఒక చర్చా బృందం పెట్టాము. అరవైమంది విద్యార్థులు. వారానికొక ప్రశ్న. ఒక్కొక్కరూ స్వంతంగా ఒక పేరా వ్రాయాలి. తోటివారిలో ఇద్దరికి జవాబివ్వాలి. శనివారం రాత్రి పది గంటలలోగా పూర్తి కావాలి. దానికి ఐదు మార్కులు.

నిరుద్యోగం ఎన్ని రకాలని మొదటి ప్రశ్న వేశాము. గైడు పుస్తకంలోని ఒకే పేరా నలభై చోట్ల కనబడింది. దానికింద, "చాలా బాగా వ్రాశావు, నీతో ఏకీభవిస్తున్నాను" అని జవాబులు, పెండ్లి పందిట్లో పలకరింపుల్లాగా! పిల్లలకు శ్రద్ధ లేదని మాలో ఒకరు విసుక్కొన్నారు.

"పుస్తకంలో జవాబున్న ప్రశ్నకు చర్చ ఎందుకండీ? ఊళ్లో జరుగుతున్నదేమిటో అడగరాదూ?" అన్నారు రెండవవారు, అన్నం వడ్డిస్తూ.

ఊళ్లో జరుగుతున్నది అందరికీ తెలిసిందే. మా గంజాం జిల్లా నుండి ఎందరో సూరత్ మరమగ్గాల మీద పనికి పోతారు. మగ్గాలు ఆగిపోయి, మే నెలలో శ్రామిక రైళ్లు మొదలుకాగానే వాళ్లంతా తిరుగుముఖం పట్టారు. వచ్చినవారు మళ్లీ అక్కడికే పోవాలా, పోనక్కరలేకుండా జిల్లాలో ఏముండాలి అని అడిగాము. ఈసారి గైడు పుస్తకం పనికిరాలేదు! ఉపాధి హామీ పథకం ఉన్నది గదా అని కొందరు వ్రాశారు. చాలదని మరికొందరు వాదనకు దిగారు.

అప్పుడు ఒక అమ్మాయి ఇరవై పంక్తులు వ్రాసింది. రెండేళ్లుగా తరగతిలో నోరు విప్పిన పిల్ల కాదు; ముఖం గుర్తు తెచ్చుకోవడానికి హాజరుపట్టీ వెదకవలసి వచ్చింది. వాళ్లన్న సూరత్‌లో పనిచేసి వచ్చాడట. పన్నెండు గంటల పని. నేసిన మీటర్లను బట్టి కూలి. మగ్గం ఆగితే కూలీ లేదు. పగటి పనివాడు లేచిన చాప మీదనే రాత్రి పనివాడు పడుకొంటాడు. "మా అన్నకు తట్ట మోసే పని ఇస్తామంటున్నారు. నేత వచ్చినవానికి తట్ట ఎందుకు? పట్టుకు పేరుపొందిన బరంపురంలో మగ్గం ఎందుకు లేదు?" అని అడిగింది. దానికి నేత కుటుంబంలోని మన తెలుగు కుర్రవాడొకడు జవాబు వ్రాశాడు: "మా ఇంట మగ్గం ఉన్నది. చీర దిగడానికి రోజులు పడుతుంది, కూలి గిట్టదు. నన్ను ఈ పనిలోకి రావద్దని మా నాన్నే అంటున్నాడు." ముప్ఫై ఏళ్ల మా ఉద్యోగంలో తరగతి గదిలో ఇటువంటి చర్చ విని ఎరుగము.

అయితే ఆ అమ్మాయి వ్రాసినది రాత్రి ఒంటిగంట దాటాక. తోటివారికి జవాబులూ ఇవ్వలేదు. నియమం నియమమే అనుకొని ఐదింటికి రెండు మార్కులు వేశాము. తరువాతి వారం ఏమీ వ్రాయలేదు. ఆ పై వారమూ లేదు.

చివరకు ఫోను చేశాము. అన్న తీశాడు. ఇంటికి అదొక్కటే ఫోను. పగలంతా పని వెతుక్కోవడానికి అతని దగ్గరే ఉంటుంది; అతను నిద్రపోయాక చెల్లెలి చేతికి వస్తుంది. ఇంట్లో సిగ్నలు అందదు, మేడ ఎక్కాలి. "ఆలస్యమైతే తగ్గిస్తారు గదా మేడమ్, అందుకని మానేశాను," అన్నది ఆ పిల్ల, ఒడియాలో, చాలా మర్యాదగా.

ఫోను పెట్టేసి చాలాసేపు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు; మూడింటి మధ్య తప్పు దొర్లుతుందన్న భయంతో మేమూ వెనుక బెంచీలోనే చదువుకొన్నాము. మొద్దులనిపించుకొన్నాము కూడా. ఈ పత్రిక చదివే ఇళ్లలో ఆ బెంచీ ఎరుగనివారు తక్కువ. ఎరిగిన మేమే, గడియారం పట్టుకొని ఆమె నోరు మూయించాము.

ఆ అమ్మాయి మార్కులు సరిచేశాము. గంట నియమం తీసివేసి, వారంలో ఎప్పుడైనా, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు దేనిలోనైనా వ్రాయవచ్చునన్నాము. ఫోను చేసి చెబితే మేమే టైపు చేసి పెట్టాము. ఆదివారాలు మాకు మిగలలేదనుకోండి. ఇంత చేసినా పదిమంది చివరిదాకా ఒక్క ముక్క వ్రాయలేదు. వాళ్ల సంగతేమిటో కనుక్కోవడం మా వల్ల కాలేదు.

కళాశాల తిరిగి తెరిచాక, ఆ అమ్మాయి ఇక లేచి మాట్లాడుతుందని ఎదురుచూశాము. మాట్లాడలేదు. అదే వెనుక బెంచీ, అదే మౌనం. తరగతి ముగిశాక మాత్రం మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆనాటి ప్రశ్నకు జవాబు, రెండు వైపులా వ్రాసి ఉన్నది. ఇంటికి తెచ్చి ఇద్దరమూ చదివి, అడుగున మరొక ప్రశ్న వ్రాసి మరునాడు ఆమెకు ఇచ్చాము.