లింగంపల్లి లోకల్‌లో దొంగల పోటీ

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఖాళీగా బయల్దేరుతుంది. మొదటి స్టేషన్ కదా, కిటికీ సీటు గ్యారంటీ. హైటెక్ సిటీ లోపు చందానగర్, హఫీజ్‌పేట... రెండే స్టాపులు. ఆ కాస్త టైంలో రోజుకు నాలుగు పేజీలే అవుతాయి. 'మట్టికాళ్ళ మహారాక్షసి' పూర్తవడానికి నెలలు పట్టింది.

కెన్యా రచయిత గూగీ వా థియాంగో నవల ఇది. 1977 చివర్లో విచారణ లేకుండా జైల్లో పెడితే టాయిలెట్ పేపర్ మీద, ఇంగ్లిష్ వదిలేసి సొంత భాష గికుయూలో రాశాడు. వరవరరావు తెలుగు చేసింది కూడా జైల్లో ఉండగానే.

అందులో ఒక విందు. ఎవరు పెద్ద దొంగో తేల్చే పోటీ! ఒక్కొక్కడూ స్టేజీ ఎక్కి ఎలా దోచాడో గొప్పలు చెప్పుకుంటాడు. ఒకడైతే మట్టిని డబ్బాల్లో పోసి అమ్ముదాం, గాలిని పట్టి అమ్ముదాం అంటాడు. తలెత్తితే కిటికీ బయట 'స్వచ్ఛమైన గాలి' అని అపార్ట్‌మెంట్ హోర్డింగ్. నవ్వాగలేదు.

మనకు కొత్తా ఏంటి? లేని వేల కోట్లు ఉన్నట్టు లెక్కల్లో చూపించామని 2009 జనవరి 7న 'సత్యం' రామలింగరాజు లేఖ రాస్తే ఈ ఐటీ కారిడార్ అంతా వణికింది. 2015లో కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. కంపెనీ పేరు చూడండి మరి!

నవల్లో నాకు నచ్చింది వరీంగా. బాస్‌కి లొంగనందుకు సెక్రటరీ ఉద్యోగం పోతుంది. చచ్చిపోదామనుకున్న ఆ అమ్మాయే ఇంజనీరింగ్ చదివి, గ్యారేజీలో మగాళ్ల మధ్య ఇంజన్లు విప్పుతుంది. చివర్లో తుపాకీ పేలుస్తుంది. ఆ ముగింపు నాకు అంతగా ఎక్కలేదు. గ్యారేజీలో మసి అంటిన చేతులే గుర్తున్నాయి.

బీటెక్ అయ్యాక నాకూ ఒక కన్సల్టెన్సీ మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఇస్తానంది. పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, అన్నీ రెడీ. రూమ్మేట్ తీసుకున్నాడు. నేను తీసుకోలేదు. తొమ్మిది నెలలు చందానగర్ హాస్టల్లో నాన్న డబ్బులతో తిన్నా. "అందరూ పెడుతున్నారంట కదరా?" అన్నాడు నాన్న ఒకసారి. జవాబు చెప్పలేకపోయా. అది నిజాయితీనా, దొరికిపోతానన్న భయమా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

పోయిన వారం ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నా. ఎదురుగా ఒక కుర్రాడు. రెజ్యూమేలో నాలుగేళ్లు, మాటల్లో నాలుగు నెలలు.

"నిజం చెప్పు తమ్ముడూ, ఎన్నాళ్లు చేశావ్?"

చాలాసేపు టేబుల్ వైపు చూశాడు. "ఫ్రెషర్ని సర్."

రిజెక్ట్ అనే రాశా. ఫ్రెషర్ల పోస్టులు ఉన్నాయి, అసలు రెజ్యూమే పంపు అని చెప్పా. పంపుతాడనుకోలేదు.

ఈరోజు హఫీజ్‌పేటలో ట్రైన్ ఆగినప్పుడు మెయిల్ వచ్చింది. ఎక్స్‌పీరియన్స్ దగ్గర 'నిల్'. హైటెక్ సిటీలో దిగేలోపే హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేశా.