లేవనిచ్చు ప్రేమ



మన పల్లెలలో ముసలివారిని ప్రేమించు పద్ధతి యొకటి కలదు. "లేవకు మామ్మా, పడిపోతావు. నీకేం కావాలో మేం తెస్తాం" అని మంచము మీద కూర్చుండబెట్టుదుము. గృహదర్శనములకు వెళ్లునప్పుడు ఈ మాట నేను ప్రతి పేటలోను వినుచున్నాను. ఇందులో ప్రేమయున్నది, భయమును ఉన్నది. అయితే ఇది వారికి మేలు చేయుచున్నదా?

ఆస్ట్రేలియా దేశమున జెన్నిఫర్ హెవిట్ అను ఫిజియోథెరపిస్టు ఈ ప్రశ్ననే పరిశోధించిరి. ఫిజియోథెరపిస్టు అనగా ముఖ్యముగా కదలికతోను వ్యాయామముతోను శరీరమును బాగుచేయువారు. ఆమె 16 వృద్ధాశ్రమములలో 221 మందిని ఎన్నుకొనిరి. వారి సగటు వయస్సు 86 ఏండ్లు. చీట్లు వేసినట్లుగా కొన్ని ఆశ్రమములకు వ్యాయామమును, తక్కినవాటికి వాడుక ప్రకారమైన సంరక్షణను నియమించిరి. వ్యాయామము చేసినవారు వారమునకు 2 గంటల చొప్పున 25 వారములు కండరములకు క్రమక్రమముగా బరువు పెంచుచు, తూలకుండ నిలుచుటను అభ్యసించిరి. తరువాత 6 నెలలు దానిని తేలికగా కొనసాగించిరి. 2018లో ఫలితము ప్రకటింపబడెను. తక్కినవారు 100 సార్లు పడినచో వీరు సుమారు 45 సార్లే పడిరి.

అంత ముసలితనములో బలమెట్లు వచ్చునని మీరడుగవచ్చును. 1990లోనే అమెరికాలో మరియా ఫియాటరోన్ అను వైద్యురాలు 90 ఏండ్ల ప్రాంతమువారిచేత 8 వారములు కాళ్లకు బరువు వ్యాయామము చేయించిరి. పూర్తిచేసిన 9 మంది కాళ్ల బలము సగటున 174 శాతము పెరిగెను. కొట్టములోనే కట్టివేసిన యెద్దు కొన్ని నెలలకు కాడి లాగలేదని మీకు తెలియును. మనుష్యుని కండయు అట్టిదే. వాడనిచో క్షీణించును, తగినట్లు వాడినచో ముదిమియందును తిరిగి బలపడును.

"అది ఆశ్రమముల సంగతి, మన పెద్దలు ఇండ్లలోనే యున్నారు" అందురేమో. కేథరిన్ షెరింగ్టన్ అను మరియొక ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు తోటివారితో కలిసి, ఇండ్లలో నివసించు వృద్ధులను గూర్చిన 108 పరిశోధనలను పరిశీలించి 2019లో వెల్లడించిరి. వ్యాయామమువలన పడుటలు 23 శాతము తగ్గెను.

ఈ సంగతి నా యింటికి వచ్చినది. ఎనుబది దాటిన మా తల్లి గడచిన వర్షాకాలమున పెరటిలో జారిపడెను. ఎముక విరుగలేదు గాని ఆమె ధైర్యము విరిగెను. గుమ్మము దాటుట మానెను. పట్టణములోని ఫిజియోథెరపిస్టు ఆమెను పరీక్షించి చెప్పిన ప్రకారము, గోడకు ఆనించిన గట్టి కుర్చీలోనుండి లేచి మరల కూర్చుండుటను, తలుపు కమ్మి పట్టుకొని మడమలు ఎత్తుటను మొదలుపెట్టించితిమి. నా కోడలు ప్రక్కన నిలుచును. మొదటి దినమున ఆమె రెండు సార్లు లేచి అలసిపోయెను. ఇప్పుడు ఎనిమిది సార్లు లేచుచున్నది. ఆమె తిరిగి ఒంటరిగా గుడికి నడచునో లేదో నేను చెప్పజాలను. అయితే స్నానమునకు తానే లేచి వెళ్లుచున్నది. తన పని తాను చేసికొనుట ముసలివారికి ఎంత గౌరవమో ఆమె ముఖములో చూచుచున్నాను.

కాబట్టి మీ యింట అట్టి పెద్దలుండినయెడల, మొదట వైద్యునికి గాని ఫిజియోథెరపిస్టునకు గాని చూపించుడి. రొమ్ము నొప్పియు కండ్లు తిరుగుటయు కలిగినయెడల వెంటనే ఆపి వైద్యునికి తెలుపుడి. నాచు పట్టిన పెరటిని గీకి శుభ్రపరచుడి. మెట్టు దగ్గర పట్టుకొనుటకు ఒక వెదురు కట్టుడి. యౌవనులారా, దినమునకు పావుగంట వారి ప్రక్కన నిలువుడి. వారు మెల్లగా లేచుచుండగా తొందరపడి ఎత్తివేయకుడి. ఆ కొంచెము సేపు కనిపెట్టుటయు వారికి మనము చేయు సేవయే.