ఐదో కాంటూరు నుంచి హాన్లే దాకా

కొల్లేటి అభయారణ్యానికి హద్దుగా నిర్ణయించిన ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, ఏలూరు, కైకలూరు ప్రాంతాల్లో చేపల చెరువుల తగాదాగానే పేరుపడింది. ఖగోళ శాస్త్రం దృష్టిలో మాత్రం అంత పల్లపు, తేమ నేల పరారుణ పరిశీలనకు బొత్తిగా పనికిరాదు. కంటికి కనిపించే ఎరుపుకు అవతల ఉండే ఈ పరారుణ కాంతిని గాలిలోని నీటి ఆవిరి చాలామటుకు మింగేస్తుంది. ఆ ఆవిరిలో అధికభాగం నేలకు దగ్గరి కొద్ది కిలోమీటర్లలోనే పేరుకొని ఉంటుంది కనుక, దాన్ని కిందనే వదిలి పైకెక్కాలి.

భారతీయ ఖగోళ భౌతిక సంస్థ లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల అద్దంతో హిమాలయన్ చంద్ర టెలిస్కోపును నెలకొల్పింది అందుకే. దాన్ని నడిపేది మాత్రం బెంగళూరుకు తూర్పున, తెలుగు మాట కూడా వినిపించే హోసకోటె నుంచి. అక్కడి నియంత్రణ గదిని చూడబోయేవారికి ఆ టెలిస్కోపు కనిపించదు. కంప్యూటర్ తెరలు, ఉపగ్రహ సంబంధం ద్వారా హాన్లేకు వెళ్ళే ఆదేశాలు, తిరిగి వచ్చే చిత్రాలు, ఇంతే.

ఆ టెలిస్కోపుకు 2013లో అమర్చిన టిర్‌స్పెక్ అనే పరికరాన్ని ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ రూపొందించింది. అది 1 నుంచి 2.5 మైక్రాన్ల కాంతిని చిత్రంగానూ, వర్ణపటంగానూ నమోదు చేస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలు కెమెరాలోని సిలికాన్‌కు ఈ మేర దాదాపు కనిపించదు గనుక, పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిసిన స్ఫటికంతో చేసిన గ్రాహకాన్ని వాడతారు. వెచ్చగా ఉంటే పరికరం తానే పరారుణాన్ని వెదజల్లుతుంది, అప్పుడు నక్షత్రాన్ని పట్టడం పట్టపగలు దీపాన్ని వెతకడమే. కాబట్టి లోపలి భాగాలను గాలి తీసేసిన పాత్రలో ఉంచి, విపరీతంగా చల్లబరుస్తారు.

అంత చేసినా ఆకాశం ఊరుకోదు. సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున హైడ్రాక్సిల్ అణువులు రాత్రంతా పరారుణంలో మినుకుమంటూనే ఉంటాయి. పరిశీలకులు ఒక చిత్రం తీసి, టెలిస్కోపును కాస్త పక్కకు జరిపి మరొకటి తీసి, ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తారు. ఆకాశపు వెలుగు పోయి నక్షత్రం మిగులుతుంది. ధూళిమేఘాల చాటున పుడుతున్న నక్షత్రాలు బయటపడేది ఈ విసుగెత్తించే పనివల్లనే.

ఈ టెలిస్కోపు సమయాన్ని పరిశోధకులు పంపే ప్రతిపాదనలను బట్టి కేటాయిస్తారు. తాడేపల్లిగూడెం జాతీయ సాంకేతిక సంస్థలోనూ, ఏలూరు కళాశాలల్లోనూ భౌతికశాస్త్రం చదువుతున్నవారు పరిశోధనకు వెళ్ళేటప్పుడు ఈ దారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.