రాతి మీద రాసిన పాఠం

పిల్లలూ, మీ ఊళ్ళో చెరువు ఉన్నదా? ఉంటే ఈ ఆదివారం పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని కట్ట మీదికి పోయి కాసేపు నిలబడండి. ఒకవైపు కట్ట నిండా నీళ్ళు. రెండోవైపు, ఆ నీటి మట్టానికి ఎంతో పల్లంలో, పొలాలూ ఇళ్ళూ. మధ్య ఉన్నదల్లా మట్టీ రాయీ. ఇన్ని నీళ్ళను ఈ కాస్త మట్టి ఎట్లా ఆపుతున్నదా అని మీకు సందేహం రాకపోతే, ఇంకొకసారి తేరిపార చూడండి.

ఏడో తరగతి చదివే మా మనవడికి ఈ సందేహం పోరుమామిళ్ళ చెరువు కట్ట మీద వచ్చింది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. వాణ్ణి అక్కడికి తీసుకుపోయిందే ఆ సందేహం వస్తుందని.

కడపలో పొద్దున్నే బస్సెక్కి, బద్వేలులో దిగి, టిఫిను తిని, ఇంకో బస్సు పట్టుకుని పోరుమామిళ్ళ చేరాం. దారి పొడుగునా ఎండిన కొండలూ, ఎర్రమట్టీ, తుమ్మచెట్లూ. ఇటువంటి సీమలో చెరువంటే ఏమిటో గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు చెప్పటం కష్టం. మాకు వాన కొద్ది రోజులే వస్తుంది. ఆ కొద్ది రోజుల నీళ్ళను పట్టి ఉంచుకుంటేనే పంట.

ఈ చెరువు అసలు పేరు అనంతరాజసాగరం. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దీన్ని కట్టించాడు. ఆయనకు భవదూరుడని మరో పేరు. ఉదయగిరి సీమ ఆయన పాలనలో ఉండేది. చెరువు పూర్తి అయినాక శాలివాహన శకం 1291లో, అంటే క్రీస్తుశకం 1369లో, సంస్కృతంలో ఒక శాసనం వేయించాడు. భైరవుడి గుడి ముందు నిలిపిన రెండు రాతి పలకల మీద అది ఉన్నది. విష్ణు సీతారామ్ సుక్తంకర్ అనే పండితుడు దాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల గ్రంథమాల 14వ సంపుటంలో ప్రకటించాడు. తరవాతి కాలంలో పూనాలో మహాభారతం పరిష్కరణ పనిని నడిపించింది కూడా ఈయనే.

రాజుల శాసనాలు చాలావరకు ఎట్లా ఉంటవో మీకు తెలుసు. ఫలానా మహారాజు ఫలానా గుడికి ఇంత భూమి ఇచ్చాడని ఉంటుంది. ఈ శాసనం అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు రాకూడని దోషాలు ఆరు అని లెక్కపెట్టి మరీ చెప్పింది. అంటే ఇది పాఠ్యపుస్తకం! కాకపోతే కాగితం బదులు రాయి.

మొదట ధర్మం తెలిసిన, ధనం గల రాజు కావాలట. రెండోది పాథశ్శాస్త్రం చదువుకున్న పండితుడు. పాథస్సు అంటే నీరు. చూశారా, ఆరున్నర శతాబ్దాల కిందటే నీటికి ఒక శాస్త్రం ఉన్నది, దాన్ని చదివినవాళ్ళు ఉన్నారు. తరవాత గట్టి బంకనేల కావాలి. మూడు యోజనాల దూరం నుంచి మంచినీళ్ళు తెచ్చే ఏరు కావాలి. కట్టను ఆనించటానికి కొండ కావాలి. ఆ కొండ భాగాల నడుమ రాతితో బిగించిన కట్ట మరీ పొడుగు కాకుండా, గట్టిగా ఉండాలి. చెరువు లోపల విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గరలో పొడుగైన తిన్నని రాళ్ళు దొరికే గని ఉండాలి. చివరిది, పని తెలిసిన మనుషుల జట్టు. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాళ్ళు తోలటానికి వంద బండ్లు, రెండేళ్ళ పాటు పనిచేశారని శాసనమే చెపుతున్నది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాయలేదు. నాకు అది లోటుగానే తోచింది.

"కట్ట మరీ పొడుగు ఎందుకు ఉండకూడదు, తాతయ్యా? చెరువు పెద్దదైతే నీళ్ళు గట్టిగా తోసేస్తవనా?" అని మనవడు అడిగాడు.

మంచి ప్రశ్నే, కాని అందులో ఒక పొరపాటు ఉన్నది. ఒక్కొక్క అడుగు కట్ట మీద నీళ్ళు ఎంత బలంగా తోస్తవన్నది చెరువు ఎంత దూరం వ్యాపించిందన్న దాన్నిబట్టి ఉండదు. కట్ట దగ్గర నీళ్ళు ఎంత లోతున్నవన్న దాన్నిబట్టి ఉంటుంది. పది మీటర్ల లోతు నీళ్ళుంటే, కట్టలో ప్రతి మీటరు పొడుగు మీదా సుమారు 50 టన్నుల బరువంత తోపుడు ఉంటుంది. పది ఏనుగులు వరసగా నిలబడి ఆ ఒక్క మీటరునూ నెడుతున్నట్టు అనుకోండి. లోతు అయిదు మీటర్లే అయితే? సగమైంది గనక 25 టన్నులు అంటారేమో. కాదు, పన్నెండున్నరే. లోతు సగమైతే తోపుడు నాలుగో వంతు అవుతుంది. ఎందుకంటే నీళ్ళు తోసే ఎత్తు సగమవుతుంది, అక్కడి ఒత్తిడి కూడా సగటున సగమవుతుంది. సగంలో సగం పావు గదా! కట్ట అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఎందుకు కడతారో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక పొడుగు సంగతి. కట్ట ఎంత పొడుగైతే అంత మట్టి పొయ్యాలి, అంత మేరా కాపలా కాయాలి. గండి పడటానికి ఒక్క చోటు చాలు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. 1994లో నేను ఎనిమిదో తరగతికి ఈ ఒత్తిడి పాఠమే చెపుతున్నాను. పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. నేల మీద ఒక డబ్బా, దానికి పైన, నడుమ, కింద మూడు బెజ్జాలు. కింది బెజ్జం నుంచి నీటి ధార అన్నిటికన్న దూరం పడుతున్నట్టు గీశారు. నేను ఏళ్ళ తరబడి ఆ బొమ్మనే బోర్డు మీద గీస్తూ వచ్చాను. మర్నాడు ఒక అమ్మాయి లేచి, "అయ్యవారూ, నేను ఇంట్లో డబ్బాతో చేసి చూశాను. నడిమి బెజ్జం నీళ్ళే దూరం పోయినవి" అన్నది. నేను, "నీ బెజ్జాలు సరిగ్గా ఉండవు, కూర్చో" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల తలవంచుకుని కూర్చున్నది.

ఆ రాత్రి నాకు మనసు ఊరుకోక, పెరట్లో కిరసనాయిలు డబ్బాకు మూడు బెజ్జాలు కొట్టాను. మట్టం తగ్గకుండా పైనుంచి మా ఆవిడ నీళ్ళు పోస్తూ ఉన్నది. నడిమి ధారే దూరం పోయింది. పై ధారా కింది ధారా ఇంచుమించు ఒకే చోట పడ్డవి!

కారణం కష్టమైనదేమీ కాదు. కింది బెజ్జం నుంచి నీళ్ళు ఎక్కువ వేగంతో వస్తవి, నిజమే. కాని అవి నేలకు దగ్గర గనక వెంటనే పడిపోతవి, దూరం పోవటానికి వ్యవధి లేదు. పై ధారకు వ్యవధి ఉన్నది గాని వేగం లేదు. నడిమి దానికి రెండూ తగినంత ఉన్నవి. అదే డబ్బాను ఎత్తయిన పీట మీద పెడితే కింది ధారే దూరం పోతుంది. ఇటలీ దేశపు టారిచెల్లి 1644లో అచ్చు వేసిన పుస్తకంలో ఈ వేగానికి సూత్రం చెప్పాడు. నీటి మట్టం నుంచి బెజ్జం దాకా ఎంత ఎత్తో, అంత ఎత్తు నుంచి కిందపడే రాయికి ఎంత వేగం వస్తుందో ధారకూ అంతే వేగమట. మన శాసనం వేసిన 275 ఏళ్ళకు అది అచ్చయింది.

మర్నాడు తరగతిలో ఆ అమ్మాయి చెప్పిందే సరి అని, నాది తప్పు అని చెప్పాను. డబ్బా తెచ్చి అందరికీ చూపించాను. ఆ పిల్ల నవ్వలేదు. "నిన్న చూసి ఉంటే బాగుండేది గదా, అయ్యవారూ" అన్నది.

కట్ట మీద మాకు ఒక పెద్ద రైతు కలిశాడు. తూము సంగతి అడిగితే, "చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము కొంచెం ఎత్తితే చాలు, అయ్యవారూ. నీళ్ళు తగ్గేకొద్దీ ఎక్కువ ఎత్తాల" అన్నాడు. తూము మీద నీటి లోతు నాలుగో వంతుకు పడిపోతే వేగం సగమవుతుంది. ఆయనకు టారిచెల్లి పేరు తెలియకపోవచ్చు, లెక్క మాత్రం చేతిలో ఉన్నది.

శాసనం చెప్పిన ఆరు దోషాలలో మొదటిది కట్ట నుంచి నీళ్ళు ఊరటం. దాని గురించి కూడా ఆయన్నే అడిగాను. "ఊరే నీళ్ళు తేటగా ఉంటే చూస్తా ఉండాల. బురదగా వస్తే ఊరంతా పరుగెత్తాల" అన్నాడు. బురద వస్తున్నదంటే నీళ్ళు కట్టలోని మట్టినే మోసుకుపోతున్నవన్నమాట. ఎండ్రకాయ బొరియ అంత సందు చాలు, అది గంటల్లో గండి కావచ్చు. చెరువు నడుమ తాబేలు వీపులాగా నేల ఉబ్బి ఉండటం ఒక దోషం. ఉప్పునేల ఒకటి. నీళ్ళు కొంచెమై పొలం ఎక్కువైనా దోషమే, నీళ్ళు ఎక్కువై చోటు చాలకపోయినా దోషమే.

ఇంకొక దోషం విని మనవడు ఆశ్చర్యపోయాడు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టకూడదట! నీటికి సరిహద్దుతో ఏం పని? పని మనుషులకు. కృష్ణ నీళ్ళ పంపకం తేల్చటానికి మన దేశంలో 1969లో ఒక ట్రిబ్యునలు, 2004లో మరొకటి వేయవలసి వచ్చింది. నదులను సరిహద్దు నుంచి తప్పించటం ఎవరితరం? చెరువునైతే తప్పించవచ్చునని ఆ పాతకాలపు పండితుడు తెలుసుకున్నాడు.

పొద్దు వాలేవేళకు బస్సెక్కాం. బద్వేలు దాకా మనవడు మాట్లాడలేదు, నిద్రపోయాడేమో అనుకున్నాను. ఉన్నట్టుండి, "తాతయ్యా, నేల మీది డబ్బాకు నాలుగో బెజ్జం సరిగ్గా అడుగునే కొడితే ధార ఎంత దూరం పోతుంది?" అన్నాడు.

నాకు తెలుసు గాని చెప్పలేదు. ఇంటికి పోయి డబ్బా వెతుకుదామన్నాను.