ముందు ఆవును చూడుము

మా పాఠశాల పత్రికకు వ్యాసము వ్రాయుమని విద్యార్థులు కోరినపుడు, ప్రబంధ కవులను గూర్చియో ఛందస్సును గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము పశువులను గూర్చి వ్రాయుచున్నాము. అందుకు కారణము కలదు.

గత మాసమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు పాఠము ముగిసిన పిదప మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా పెయ్య ఎదకొచ్చింది. ఏ జాతి సూది వేయిస్తే బాగుంటుందో మిమ్మల్ని అడిగి రమ్మన్నాడు మా నాయన" అనెను. తెలుగు అయ్యవారి నడుగవలసిన ప్రశ్న కాదది. అయినను మా హోసూరు ప్రాంతపు పల్లెలలో చదువుకొన్నవానికి అన్నియు తెలియునని యొక నమ్మకము. బాలుడు సమాధానమునకై నిలుచుండెను. మాకు మాట రాలేదు. మా బాల్యము నాటి యొక రాత్రి మా కన్నుల యెదుట నిలిచెను.

అపుడు మేమును తొమ్మిదవ తరగతిలోనే యుంటిమి. మా యింట నొక నాటు పెయ్య యుండెడిది. బూడిద వన్నెది, పొట్టిది, సాధువు. అది తొలిసారి ఎదకు వచ్చినది. మా నాయనకు చదువు రాదు. మాకు వచ్చును. ఎక్కడనో దొరకిన కరపత్రమున నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవు బొమ్మయు, అది యిచ్చు పాల లెక్కయు మేము చదివియుంటిమి. ఆ లెక్కను నాయనకు గర్వముగా చదివి వినిపించితిమి. సూది వేయవచ్చిన ఉద్యోగి పెయ్యను చూచి, "ఇది చిన్న పడ్డ. జెర్సీ చాలు" అనెను. మేము అడ్డుపడి వాదించితిమి. పెద్ద జాతి యుండగా చిన్న జాతి యేల? నాయన మా ముఖమును చూచి, "పిల్లవాడు చదివినాడు గదా, అదే వేయండి" అనెను.

తొమ్మిది నెలలు నిండినవి. పెయ్య ఈనుటకు మొదలిడిన సాయంకాలము ఇంటిల్లిపాదియు కొట్టము చుట్టు చేరితిమి. ముంగాళ్లు రెండును కనబడినవి, తల రాలేదు. రాత్రియంతయు అది పడుచు లేచుచు మూలుగుచుండెను. తెల్లవారుజామున పట్టణము నుండి పశువైద్యుడు వచ్చి తాళ్లు కట్టి దూడను లాగి తీసెను. అది అప్పటికే చచ్చియుండెను. మా పెయ్య శరీరమునకు మించిన దూడ. పెయ్య మరల లేవలేదు. మూడవనాడు పోయినది.

నాయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. దానిని పూడ్చి వచ్చి, కాళ్లు కడుగుకొనుచు, "తెలియక చేసినాం, నాయనా" అనెను. 'చేసినావు' అనలేదు. 'చేసినాం' అనెను. ఆ బహువచనము మేము చదివిన వ్యాకరణములలో నేదియు నేర్పలేనిది.

తరువాత ఏండ్లు గడచినవి. పండిత శిక్షణకై పొరుగున నున్న ఆంధ్రప్రదేశమునకు, తిరుపతికి, పోయితిమి. అచట మా సహపాఠి యొకడు ఒంగోలు సమీపమువాడు. సంక్రాంతికి మమ్ము తన యూరికి తీసికొనిపోయెను. వారి యింట ఒంగోలు ఆంబోతు నొకదానిని చూచితిమి. తెల్లని మేను, ఎత్తైన మూపురము, మెడక్రింద అలలవలె వ్రేలాడు గంగడోలు. మేము నోరు తెరచి నిలుచుండగా మిత్రుని తాతగారు నవ్వి, "ఆంబోతును చూసి మురవడం తేలిక బాబూ. ముందు ఆవును చూడాలి. దాని నడుము చూడాలి, మన గడ్డి చూసుకోవాలి, మన ఎండ చూసుకోవాలి. ఆ తర్వాతే ఆంబోతు" అనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ ముసలివాని మూడు మాటలు మాకు తొమ్మిదవ తరగతిలోనే తెలిసియున్న ఎంత బాగుండెడిది!

ఆనాటి నుండి ఈ విషయమున దొరకిన పుస్తకమునెల్ల చదువుచు వచ్చితిమి. ఒంగోలు జాతి కథయే ఒక పాఠము. 1868లో ఒంగోలు పశువుల జంట యొకటి బ్రెజిల్ దేశపు బయా తీరమున దిగినదని అచటి పశుపాలకులు చెప్పుకొందురు. వారు ఆ జాతికి నెల్లూరు పేరు పెట్టి 'నెలోరె' యని పిలుచుచున్నారు. 1938లో దాని వంశావళికి ప్రత్యేక గ్రంథము తెరచిరి. 1960 తరువాతి తొలి సంవత్సరములలో మరికొన్ని మేలైన పశువులు ఇచటి నుండి పోయినవి. ఒంగోలు చేరువనున్న కరవది గ్రామము పేరుగల ఆంబోతు వాటిలో నొకటి. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధిక భాగము నెలోరె రక్తము గలవే. మన దేశమున దున్నుటకును పాలకును పెంచిన జాతి అచట మాంసమునకై పెరుగుచున్నది. ఆచారము దేశమునకొక తీరు. కాని ఆ రైతులు ఆంబోతు నెన్నుకొను పద్ధతిలో మనము నేర్వదగినది కలదు.

నెలోరె ఆవు ఎండకోర్చును, పిడుదుల నోర్చును, ముతక గడ్డి తిని బ్రతుకును. పొట్టి వెండ్రుకలు, వదులైన చర్మము దానికి రక్ష. అయితే దాని మాంసము కొంచెము గట్టిది. స్కాట్లాండు దేశపు ఆంగస్ జాతి నల్లనిది, కొమ్ములు లేనిది. త్వరగా ఎదుగును, మాంసము మెత్తన. ఒకదాని కొరతను మరియొకదాని గుణము పూరించును. ఇంతేకాక, దూరపు జాతులు రెండు కలిసినపుడు పుట్టిన తొలితరపు దూడకు తల్లిదండ్రుల సగటును మించిన చురుకు వచ్చును. దీనిని సంకర తేజమందురు. అయినను ఆంగస్ ఆంబోతును బ్రెజిల్ మైదానములలో విడిచిన అది ఎండకు కూలబడును. కావున దాని బీజమును సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో నిలువచేసి సూదితో వేయుదురు. ఆంబోతు రానక్కరలేదు, గుణము వచ్చును.

మరియొక వింత కలదు. మూపురము గల జాతి ఆవు తన గర్భములోని శిశువును మితము మీరి పెరుగనీయదు. ఆంగస్ బీజమైనను దూడ చిన్నదిగానే పుట్టి సులువుగా బయటపడును. అదే తిరుగవేసి, ఐరోపా జాతి ఆవును మూపురము గల ఆంబోతు దాటినచో దూడ పెద్దదై కానుపు కష్టమగును. రెండు సంకరములలోను రక్తము సగము సగమే. భేదమంతయు తల్లి యెవరన్నదానిలో నున్నది. ఫ్రాన్సు దేశపు షరొలే వంటి భారీ జాతులను తొలిచూలు పడ్డలకు వేయింపక, పలుమార్లు ఈనిన పెద్ద ఆవులకే యుంచుట వివేకుల పద్ధతి. తొలిచూలు పడ్డకు సులువుగా ఈనించు ఆంబోతునే వెదకవలెను. ఈ యొక్క వాక్యము తెలియక మా యింట ఒక ప్రాణము కాదు, రెండు పోయినవి.

సంకరము చేసిన పిదప నేమి చేయవలెనన్నదియు ముందే ఆలోచింపవలెను. తొలితరపు దూడలను తమలో తామే కలిపినచో తరువాతి తరమున ఆ తేజము సగమునకు తగ్గును. అమెరికాలోని టెక్సాసున కింగ్ రాంచ్ వారు ఎనిమిది పాళ్లలో ఐదు షార్ట్‌హార్న్, మూడు బ్రాహ్మణ్ ఉండునట్లు ఏండ్ల తరబడి కూర్చి, శాంటా గెర్ట్రూడిస్ అను క్రొత్త జాతిని నిలిపిరి. 1940లో ఆ దేశ ప్రభుత్వము దానిని గుర్తించినది. అంత ఓపికయు అంత మందయు లేని రైతు చేయవలసినదొక్కటే: తల్లి జాతిని చెడనీయకుండుట. బ్రెజిల్ రైతులు సైతము శుద్ధమైన నెలోరె మందలను వేరుగా కాపాడుచున్నారు. అవి లేనిచో మరుసటి యేడు సంకరమునకు తల్లి యెక్కడిది?

విద్యార్థులారా! ఇచట మా వృత్తి ధర్మము ఒక మాట చెప్పక ఊరకుండనీయదు. మీరు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, సంతలో కన్నడమును, పుస్తకమున ఆంగ్లమును పలుకుచున్నారు. ఇది మీకు బలమే. కాని ఆ బలము తల్లి భాష నిలిచియున్నంత వరకే. ఇంతకుమించి పశువుల కథతో భాష కథను ముడివేయము. ఆ బాలుని పెయ్య మా కొరకు వేచియున్నది.

మరునాడు ఆదివారము. మేము వాని యింటికి పోయితిమి. పెయ్య చక్కనిది, కాని ప్రక్కటెముకలు లెక్కకు వచ్చుచున్నవి. "మాకు జాతుల పేర్లు తెలియును, పెయ్య నడుము తెలియదు. వైద్యుని పిలువుడు" అని చెప్పితిమి. పశువైద్యుడు వచ్చి పరీక్షించి, ఇంకను కండ పట్టవలెననియు, రెండు మూడు ఎదలు విడువుమనియు, అపుడైనను చిన్న మేనిగల జాతినే వేయింతమనియు చెప్పెను. ఎద సుమారు 21 దినములకొకసారి వచ్చును గదా. బాలుని తండ్రి సందేహించి, "అన్ని దినాలు ఆగితే పాలు వెనకబడవా అయ్యా?" అని మమ్మడిగెను. ఆ రైతునకు పాల లెక్క యెంత ముఖ్యమో మాకు తెలియును. మేము మా పెయ్య కథ యంతయు చెప్పితిమి. కరపత్రము చదివినది మేమేయని కూడ చెప్పితిమి. ఇంతవరకు ఆ మాట ఇతరులతో చెప్పియుండలేదు. ఆయన కొంతసేపు పెయ్య వీపు నిమిరి, "సరే, ఆగుతాం" అనెను.

ఇంటికి వచ్చుసరికి మా నాయన అరుగుమీద కూర్చుండియుండెను. ఇపుడాయనకు చూపు మందగించినది, చెవి మాత్రము చక్కగా వినబడును. ఎక్కడికి పోయితివని అడిగిన, సంగతి చెప్పితిమి.

"పెయ్యను చూసినావా?" అనెను నాయన.

"చూసినాను నాయనా, ముందు దాన్నే చూసినాను" అంటిమి.

ఆయన తల యూపి, కొంచెము జరిగి, మాకు అరుగుమీద చోటిచ్చెను.