ఉత్తరువు వెలువడక మునుపు

పశ్చిమకనుమల పాదమున, శ్రీవిల్లిపుత్తూరు దాటి తెన్‌కాశికి పోవు త్రోవలో ఉన్న రాజపాళయము తమిళదేశములోని ఊరే యైనను, అచ్చటి రాజుల యిండ్లలో నేటికిని వినబడునది తెలుగు. విజయనగరప్రభువుల కాలమునను, దాని తరువాతను ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు తరలిపోయిన కుటుంబముల సంతతివారు, పళయపాళయము, సింగరాజకోట, సక్కరాజకోట యను పేటలలో చావడులు కట్టుకొని, బడిలో తమిళము చదివి, కచేరీలో ఇంగ్లీషు వ్రాసి, అమ్మతో మాత్రము తెలుగున మాటలాడుచు తరములు గడపినారు. మాలో పెక్కుమందికి తెలుగు మాట వచ్చును గాని తెలుగు అక్షరము రాదు. మా తాతగారు మదరాసునుండి ఆంధ్రపత్రిక తెప్పించుకొనెడివారు గనుక, ఆయన ప్రక్కను కూర్చుండి పెద్ద శీర్షికలను కూడబలుకుకొని నేర్చినవాడను గనుక, ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుచున్నాను.

అట్టి యూరినుండి వచ్చి, అమెరికాలో న్యాయశాస్త్రము చదివి, ఇచ్చటి పౌరసత్వము స్వీకరించి, వాషింగ్టన్ నగరమున ఒక ఫెడరల్ సంస్థకు సలహా చెప్పు ప్రభుత్వన్యాయవాదిగా కుదురుకొన్న నన్ను, సెలవులకు ఊరు పోయినప్పుడు చావడి అరుగుమీది పెద్దలు “ఏ కోర్టులో వాదిస్తావు నాయనా?” అని అడుగుదురు. ఏ కోర్టులోను వాదింపనని చెప్పినచో వారికి అది వకీలు పనిగా తోచదు. ఈ దేశమున ప్రభుత్వము తరఫున న్యాయస్థానములలో నిలిచి వాదించు భారము ప్రధానముగా 1870లో ఏర్పడిన న్యాయశాఖది; ఆయా సంస్థలలో కూర్చుండు మావంటివారి పని, దావా పుట్టక మునుపే, ఉత్తరువు ముసాయిదాగా ఉన్ననాడే, దానిని చట్టముతో సరిచూచి, తగునని గాని తగదని గాని చెప్పుట, తగదన్నచో తగిన త్రోవ యేదో వెదకి చూపుట. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట కోర్టులో జరుగును; కాలకుండ చూచుట మా బల్లయొద్ద జరుగవలెను.

మా కక్షిదారు ఎవ్వరనునది ఈ వృత్తిలో మొదట తేల్చుకొనవలసిన విషయము. ఎదుట కూర్చుండి సలహా యడుగు అధికారి కక్షిదారు కాడు. ఆయన నేడుండును, రేపు మారును. సంస్థయు, దానికి అధికారమిచ్చిన చట్టమును, ఆ చట్టమునకు మూలమైన రాజ్యాంగమును నిలిచియుండును. ఉద్యోగమున చేరిననాడు మేము చేయు ప్రమాణము రాజ్యాంగమును కాపాడుదుమనియే గాని ఏ వ్యక్తికిని విధేయులమై యుందుమని కాదు. 1998లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము, అధ్యక్షుని కార్యాలయమున పనిచేయు ప్రభుత్వన్యాయవాది సైతము నేరవిచారణ జరుపు గ్రాండ్ జ్యూరీ యెదుట వృత్తిరహస్యమను మిషతో మౌనము వహింపరాదని తీర్పు చెప్పినది. ప్రజల సొమ్ముతో జీతము తీసికొను వకీలునకు ప్రజలకంటె పై కక్షిదారు లేడని నేను ఆ తీర్పును అర్థము చేసికొన్నాను, ఆ యర్థమును మనసారా అంగీకరించుచున్నాను.

ఈ పనిని గూర్చి ఆలోచించునప్పుడు నా మనస్సు తరచుగా మా యూరివారైన పూసపాటి సంజీవి కుమారస్వామిరాజుగారి కాలమునకు పోవును. 1898లో పుట్టి, పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, గాంధీమహాత్ముని మార్గమున నడచి, 1949 ఏప్రిల్‌లో మదరాసు ప్రభుత్వమునకు నాయకుడై, భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చిన 1950 జనవరి 26 నాడు ఆ పీఠముపై నుండి, 1952 ఏప్రిల్ వరకు పాలించి, పిదప ఒరిస్సా గవర్నరుగా పనిచేసిన ఆ మహనీయుడు తన సొంత యింటిని ప్రజలకు దానము చేసినాడు. అదియే నేడు మా యూర గాంధీ కలైమన్రముగా నిలిచియున్నది. ఇల్లు కట్టుకొన్న ముఖ్యమంత్రులు పెక్కురు, ఉన్న యిల్లు ఇచ్చివేసినవారు అరుదు. ఆయనయెడ నాకున్న భక్తి మా యూరిలో ఏ బిడ్డకున్న భక్తికంటెను తక్కువ కాదు. అయినను, న్యాయశాస్త్రము చదివిన ప్రతివాడును ఎరిగిన మూడు మొదటి తీర్పులు, గోపాలన్ కేసు, రమేశ్ థాపర్ కేసు, చంపకం దొరైరాజన్ కేసు, ఈ మూడింటను ఒక కక్షి మదరాసు రాష్ట్రమే యనియు, ఆ దినములలో ఆ రాష్ట్రమును ఏలినవారు ఆయనయే యనియు తెలిసినప్పుడు, నా వృత్తివాడెవ్వడును ఆ పుటలను తేలికగా త్రిప్పివేయలేడు.

తేదీలు చూడుడు. రాజ్యాంగము జనవరి 26న అమలులోనికి వచ్చినది. 34 దినములు గడచిన పిమ్మట, మార్చి 1వ తేదీన, బొంబాయిలో ప్రచురింపబడు ‘క్రాస్‌రోడ్స్’ అను వారపత్రిక మదరాసు రాష్ట్రమున ప్రవేశింపరాదని, 1949 నాటి శాంతిభద్రతల చట్టముననుసరించి ప్రభుత్వము ఉత్తరువు జారీచేసినది. ఆ చట్టము పాతది, రాజ్యాంగము క్రొత్తది. పత్రికాస్వేచ్ఛను కట్టడిచేయుటకు రాజ్యాంగమునందలి 19వ అధికరణము ఆనాడు చెప్పిన కారణములలో రాజ్యభద్రత కలదు గాని, సామాన్యమగు శాంతిభద్రతలు లేవు. మే 26న సుప్రీంకోర్టు, రమేశ్ థాపర్ కేసులో, న్యాయమూర్తి పతంజలిశాస్త్రిగారి లేఖినితో, ఆ ఉత్తరువును కొట్టివేసినది. దానికి వారము ముందు వచ్చిన గోపాలన్ తీర్పులో, విచారణ లేకుండ ఆయనను ఉంచిన నిర్బంధము నిలిచినది గాని, నిర్బంధించుటకు చెప్పిన కారణములను కోర్టుకైనను వెల్లడింపరాదన్న కేంద్రచట్టపు 14వ సెక్షను కూలిపోయినది. కారణమును న్యాయమూర్తికే చూపరాదను నియమము ముసాయిదాలో కంటబడిననాడే దానికి అడ్డముగా గీత గీయవలసినది న్యాయసలహాదారు.

చంపకం కేసు వేరు, అది బరువైనది. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 స్థానములకును బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును భారతీయ క్రైస్తవులకును కలిపి 1, ముస్లిములకు 1 అని పంచిన కమ్యూనల్ జీవో అంతకుమునుపే పుట్టి, ఆయన ప్రభుత్వమునందును కొనసాగినది. దాని వెనుకనున్న సామాజికన్యాయదృష్టిని నేను తక్కువచేయను. తరతరములుగా బడిగడప యెక్కనీయబడని వారికి చోటు చేయవలెననుట ధర్మము. ఆ ధర్మమునకు రాజ్యాంగమున అప్పటికి అనువైన మాట లేకపోవుటయే చిక్కు. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవో చెల్లదన్నది; జూన్ 18న మొదటి రాజ్యాంగసవరణ వచ్చి 15వ అధికరణమునకు నాలుగవ ఖండమును చేర్చి, వెనుకబడిన వర్గములకు ప్రత్యేకసదుపాయములు కల్పించుటకు ప్రభుత్వములకు స్పష్టమైన అధికారమును ఇచ్చినది. తలపెట్టిన పని మంచిదైనను దానికి చట్టబలము లేనప్పుడు, బలమున్నట్లు నటింపక, పార్లమెంటున నలుగురి యెదుట చర్చించి ఆ బలమును సంపాదించుట నిజాయితీగల మార్గము. ఆ మార్గము నాడు దొరకినది. కాని ముందు ఓడిపోయి పిదప దొరకినది.

ఆ కేసులో ఇంజనీరింగు సీటు కోరిన విద్యార్థి పక్షమున వాదించినవారు అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన ఆ తెలుగునేల బిడ్డ 1929 మొదలు 1944 వరకు మదరాసు ప్రభుత్వమునకు అడ్వొకేట్ జనరలు; రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యుడు. పదునైదేండ్లు ఏ ప్రభుత్వమునకు సలహా చెప్పెనో ఆ ప్రభుత్వపు ఉత్తరువునకే ఎదురు నిలిచి వాదించెను. ఆ జీవోపై ఆయన వాదముతో మీరు ఏకీభవింపకపోవచ్చును. నేను చూచునది వేరొకటి: కొలువు విడిచినను చట్టమును చదువు చూపు మారని వకీలును అందులో చూచుచున్నాను.

అమెరికాలో ఈ విషయమున నాకు బాగుగా తగిలిన పాఠము మా యూరిని జ్ఞప్తికి తెచ్చు ప్రత్తి వ్యవహారములోనిది. 1936లో పి.ఎ.సి. రామస్వామిరాజుగారు రాజపాళయము మిల్లును స్థాపించిన తరువాత ఊరంతయు నూలు వడుకు ఊరైనది. నా చిన్ననాడు రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారుజామున ఇంటికి వచ్చువారి కనుబొమలమీదను, చెవులవెనుకను దూదినుసి పట్టియుండెడిది. ఇంటి ముంగిట తువ్వాలుతో దులిపికొని లోనికి పోయెడివారు. ఆ నుసి ఏండ్ల తరబడి పీల్చినవారికి వచ్చు శ్వాసవ్యాధికి బిస్సినోసిస్ అని పేరు. సెలవు గడిపి తిరిగి పనికి పోయిన మొదటినాడు ఛాతీ బిగిసికొనుట దాని గుర్తు. 1978లో ఇచ్చటి వృత్తిభద్రతాసంస్థ నూలు తయారుచేయు చోట ఘనమీటరు గాలిలో దూదినుసి 200 మైక్రోగ్రాములకు మించరాదని నియమము చేసినది. మిల్లుల యజమానులు సుప్రీంకోర్టుకు పోయినారు. 1981లో కోర్టు ఆ హద్దును నిలబెట్టినది. కార్మికుని ఆరోగ్యమును ఖర్చుతో తూచి తగ్గించనక్కరలేదనియు, సాధ్యమైనంతవరకు కాపాడవలెనని చట్టమే చెప్పుచున్నదనియు పలికినది.

కాని అదే తీర్పున ఒక భాగము కార్మికులకు ప్రతికూలమైనది. ముఖమునకు శ్వాసయంత్రము తగిలించుకొనలేని కార్మికుని మరియొక పనికి మార్చినచో జీతము తగ్గింపరాదని ఆ నియమమున ఒక మాట యుండెను. అది ఆరోగ్యరక్షణకు ఎట్లు సంబంధించునో సంస్థ నియమము చేసిననాడు వ్రాసిపెట్టలేదు. కోర్టులో న్యాయవాదులు ఎంత చక్కగా చెప్పినను, తరువాత అల్లిన కారణము పనికిరాదని న్యాయమూర్తులు ఆ మాటను పక్కనబెట్టినారు. మంచి కారణము ఉన్నది గాని, కాగితముమీద లేదు. అమెరికాలో 1943లో చెనరీ కేసునందు స్థిరపడిన సూత్రమిది. భారత సుప్రీంకోర్టు కూడ 1951లో గోర్ధన్‌దాస్ భాంజీ కేసులో, ఉత్తరువునకు అర్థము ఉత్తరువులోని మాటలనుండియే తీయవలెను గాని అధికారి తరువాత ఇచ్చు వివరణనుండి కాదని ఇదే మాట చెప్పినది. రెండు దేశముల న్యాయమూర్తులు ఒకే ధర్మమును కనుగొన్నారు.

ఆ దూదినుసి తీర్పు చదివిననాటినుండి ముసాయిదా నా చేతికి వచ్చినప్పుడు, వాక్యము వాక్యమునకు ప్రక్కను ‘దీనికి ఆధారము దస్త్రములో ఎచ్చట?’ అని వ్రాయుట నాకు అలవాటైనది. అందరికిని తెలిసినదే గదా యని ఇంజనీర్లు విసుగుకొందురు. తెలిసినదైనచో వ్రాయుట కష్టము కాదు. వ్రాయబోయినప్పుడు కష్టముగా నున్నదనిన, తెలియనిదే తెలిసినట్లు అనుకొంటిమని అర్థము. మా గదులలో జరుగు చర్చలను బయట పెట్టుట వృత్తిధర్మమునకు విరుద్ధము గనుక వాటి జోలికి పోను. ప్రజలు పంపు అభిప్రాయలేఖలు మాత్రము ఎవరైనను చదువదగినవి. 1946 నాటి పరిపాలనావిధానచట్టము ప్రకారము, చాలవరకు నియమములను ముందుగా ఫెడరల్ రిజిస్టరులో ప్రకటించి, జనుల అభిప్రాయములను తీసికొని, వాటిలో ముఖ్యమైనవానికి సమాధానము వ్రాసిన పిదపనే ఖాయపరుపవలెను.

పెద్ద సంఘముల వకీళ్లు పంపు వందల పుటల లేఖలు ఒకదారి. గీతల కాగితముపై పెన్సిలుతో వ్రాసిన ఒక కార్మికుని లేఖ నాకు మరపురాదు. గాలిలోని ధూళిని ప్రతిదినము కొలువవలెనని ముసాయిదాలో ఉండెను. షిఫ్టు మొదలగు వేళ కొలిచినచో గాలి శుభ్రముగా కనబడుననియు, వడపోతగుడ్డ మూసికొనిపోవునది షిఫ్టు కడపటి గంటలలో గనుక కొలత అప్పుడు తీయవలెననియు ఆయన వ్రాసినాడు. గది నిండ కూర్చున్న పండితులలో ఒక్కరికిని తోచని మాట అది. ఆ లేఖకు సమాధానము వ్రాయవలసిన బాధ్యత చట్టము మామీద పెట్టినది గనుకనే దానిని ఎవ్వరును దాటిపోలేకపోయినారు. ఖాయపరచిన నియమమున కొలతవేళ మారినది.

భారతదేశమున ఇట్టి యేర్పాటు లేదని తలచువారు పెక్కురు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టపు 23వ సెక్షను, ముందుగా ప్రకటించిన పిమ్మటనే నియమములు చేయవలెనని మూలచట్టము చెప్పినచోట, ముసాయిదాను ప్రకటించి, వచ్చిన అభ్యంతరములను ప్రభుత్వము విచారింపవలెనని శాసించుచున్నది. 2014లో కేంద్రప్రభుత్వము స్వీకరించిన విధానము ప్రకారము చట్టముల ముసాయిదాలను కనీసము 30 దినములు ప్రజల ముందుంచవలెను. రాజపాళయపు నూలుమిల్లులలోను, గుంటూరు మిరపయార్డులోను, సింగరేణి గనులలోను పనిచేయువారికి తమ పనిని గూర్చి తెలిసినంతగా ఏ కార్యదర్శికిని తెలియదు. తెలుగున న్యాయశాస్త్రము చదువుకొను యువకులారా, యువతులారా, మీ యూరివారికి సంబంధించిన ముసాయిదా గెజెట్‌లో కనబడినప్పుడు దానిని వారికి చదివి వినిపింపుడు, వారు చెప్పినది కాగితముపై పెట్టి గడువులోగా పంపుడు. కచేరీలో ఆ లేఖను తెరవవలసిన న్యాయవాది ఒకడుండును; ఆ యుద్యోగమునకు కూడ మీలో కొందరు పోవలెనని నా కోరిక.